బోస్టన్ పత్రికలో పుట్టిన ఓకే

‘ఓకే’ పుట్టిల్లు మాదంటే మాదన్నవాళ్లు చాలామందే. అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ అది చోక్టా తెగవారి మాటని నమ్మి, వాళ్ల ఉచ్చారణకి తగ్గ స్పెల్లింగుతోనే రాసేవాడు. గ్రీకు, స్కాటిష్, పశ్చిమాఫ్రికా భాషల తరఫునా వాదాలున్నాయి. పాత పత్రికల దొంతరలు తిరగేసి అసలు సంగతి బయటపెట్టినవాడు కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ అలెన్ వాకర్ రీడ్. 1963-64ల్లో వరసగా వ్యాసాలు రాశాడు.

ఆయనకి దొరికింది 1839 మార్చి 23 నాటి బోస్టన్ మార్నింగ్ పోస్ట్. సంపాదకుడు చార్లెస్ గోర్డన్ గ్రీన్ ప్రావిడెన్స్ పత్రికని ఎకసెక్కెం చేస్తూ రాసిన ముక్కలో ‘ఓ.కె.’ అని వేసి, పక్కనే ‘ఆల్ కరెక్ట్’ అని అర్థమిచ్చాడు. ఆల్ కరెక్ట్‌కి పొడి అక్షరాలు ఏ.సి. కావాలి కదా? తమాషా అంతా అక్కడే. అక్షరం ముక్క రానివాడు రాసినట్టు మొదటి మాటని ఓతోనూ రెండోదాన్ని కెతోనూ మొదలెట్టారన్నమాట. అంతా సరిగ్గా ఉందని చెప్పే మాటలోనే రెండూ తప్పులు! అప్పట్లో బోస్టన్ పత్రికలకి ఇదో పిచ్చి. ‘ఆల్ రైట్’ ఓ.డబ్ల్యూ. అయింది, ‘నో యూజ్’ కె.వై. అయింది. ఆ సరుకంతా కొన్నాళ్లకే అడ్రసు లేకుండా పోయింది.

ఇదొక్కటే మిగలడానికి ఎన్నికలు అక్కరకొచ్చాయి. 1840లో మళ్లీ పోటీచేసిన అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ పేరు మీద అనుచరులు ఓ.కె. క్లబ్బు పెట్టారు. ప్రత్యర్థులు ఊరుకుంటారా? ఆయన గురువు ఆండ్రూ జాక్సన్‌కి స్పెల్లింగులు రావనీ, కాగితాల మీద ఓ.కె. అని గీకేవాడనీ పుకారు పుట్టించారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు గానీ, ఈ గొడవలో ఓ.కె. ఊరూరా తెలిసిపోయింది. ఆ తర్వాత టెలిగ్రాఫ్ వాళ్లు సందేశం అందిందనడానికి దాన్నే వాడుకున్నారు.

కంప్యూటర్‌లోకి వచ్చిన తీరు మరీ విచిత్రం. ఆపిల్ వాళ్లు లీసా కంప్యూటర్ తయారుచేసేటప్పుడు బటన్ మీద మొదట ‘డూ ఇట్’ అని పెట్టారు. రెండు మాటలూ దగ్గరగా ఉండి, ఇంగ్లీషు పెద్ద ఐ చిన్న ఎల్‌లా కనబడటంతో పరీక్షకి వచ్చిన ఒకాయన దాన్ని ‘డోల్ట్’ అని చదువుకున్నాడు. అంటే దద్దమ్మ! కంప్యూటర్ తనని తిడుతోందని ఆయన చిరాకుపడ్డాక ఆ చోట ఓకే వచ్చింది.

తెలుగులో షాట్ ఓకే అంటే మళ్లీ తియ్యక్కర్లేదని, సంబంధం ఓకే అయిందంటే ఇరువైపులా ఒప్పుకున్నారని. కూర ఎలా ఉందని అడిగితే ‘ఆఁ, ఓకే’ అన్నారంటే మాత్రం, రెండోసారి వడ్డించకపోవడమే మంచిది.