ఓటుతో ఎక్కినవాళ్లు, పట్టాతో దిగినవాళ్లు

న్యూయార్క్‌ చేంబర్స్‌ వీధిలో 1850లో ఐరిష్‌వాళ్లు తమకోసం ఒక పొదుపు బ్యాంకు పెట్టుకున్నారు. పేరు ఎమిగ్రెంట్‌ సేవింగ్స్‌ బ్యాంక్‌. ఖాతాదారుల్లో చాలామందికి సంతకం రాదు. పేర్లు చూస్తే ఒకే పేరున్న మర్ఫీలు, సలివన్‌లు కోకొల్లలు. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాడు అసలు ఖాతాదారుడేనని తేల్చుకోవడం ఎలా? అందుకని ఖాతా తెరిచిన రోజునే గుమస్తా ఒక పుస్తకంలో అన్నీ రాసుకునేవాడు. ఏ ఊరు, ఏ ఓడలో ఏ ఏడు దిగాడు, తల్లి పుట్టింటి పేరేమిటి, తోబుట్టువులు ఎంతమంది, వాళ్లలో ఐర్లాండ్‌లో ఉండిపోయిందెవరు, కాలం చేసిందెవరు. మళ్లీ వచ్చినప్పుడు వీటిలోంచే ప్రశ్నలు వేసేవారు. జవాబులు కలిస్తేనే సొమ్ము. వాటిని టెస్ట్‌ బుక్స్‌ అనేవారు.

గుమస్తాలు తమ అవసరానికి రాసుకున్న ఆ పుస్తకాలు నూటయాభై ఏళ్ల తర్వాత చరిత్రకారుల చేతికి చిక్కి, ఐరిష్‌వాళ్లు పేదరికంలోనే మగ్గారని అప్పటిదాకా చెప్పుకున్న కథను సగం తిరగరాశాయి. ఐర్లాండ్‌లోని కెర్రీ ప్రాంతంలో లాన్స్‌డౌన్‌ అనే ప్రభువు 1851లో తన జమీలోని నిరుపేద కౌలు కుటుంబాలకు దారిఖర్చులిచ్చి ఓడలెక్కించాడు. పోషించడం కంటే పంపించడం చవక అని ఆయన దివాను లెక్క చెప్పాడు. అలా వచ్చినవాళ్లు న్యూయార్క్‌లో అన్నిటికంటే మురికివాడ అనిపించుకున్న ఫైవ్‌ పాయింట్స్‌లో చేరారు. టైలర్‌ ఆన్‌బైండర్‌ అనే చరిత్రకారుడు వాళ్ల ఖాతాలు తీసి చూస్తే, కొన్నేళ్లలోనే చాలామంది వందల డాలర్లు వెనకేశారు. చిరుగుల బట్టలతో దిగి, ఇరుకు గదుల్లో పడుకుని, ఇంటికి డబ్బు పంపుతూనే ఇంత దాచారు.

అదే నగరంలో 1990లో, 53వ వీధి ఆరో అవెన్యూ కలిసే మూల మీద ముగ్గురు ఈజిప్టువాళ్లు హాట్‌డాగ్‌ల బండి పెట్టారు. రాత్రి షిఫ్టులో టాక్సీలు తోలే ముస్లిం డ్రైవర్లు బండి దగ్గర ఆగేవారు, కానీ వాళ్లకి కావలసింది హలాల్‌ భోజనం. ముగ్గురూ హాట్‌డాగ్‌లు ఎత్తేసి పసుపురంగు అన్నం మీద కోడిమాంసం, పైన తెల్ల సాస్‌ వేసి అమ్మడం మొదలెట్టారు. డ్రైవర్ల వెనక ఆఫీసువాళ్లు, వాళ్ల వెనక పర్యాటకులు వరసకట్టారు. ఇవాళ ‘ది హలాల్‌ గైస్‌’ దేశదేశాల్లో శాఖలున్న సంస్థ.

ఈ రెండు వలసలనూ పక్కపక్కన పెట్టి ఎవరు బాగుపడ్డారని అడగడం అమెరికాలో పాత సరదా. జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఈజిప్టులో పుట్టి అమెరికాలో స్థిరపడిన పెద్దల్లో సగానికి పైగా డిగ్రీ ఉన్నవాళ్లు. మొత్తం అమెరికన్లలో ఆ వాటా మూడోవంతుకు కాస్త పైన. ఐరిష్‌వాళ్లు సగటు అమెరికన్‌ స్థాయికి రావడానికి మూడు నాలుగు తరాలు పట్టింది. కాబట్టి ఈజిప్టువాళ్లది చదువుల సంస్కృతి, ఐరిష్‌వాళ్లది తాగుడు సంస్కృతి అని తేల్చేస్తారు. ఇంతకంటే సోమరి వాదన ఇంకోటి ఉండదని నా అభిప్రాయం. ఎవరు ఎక్కడ తేలారన్నది చూసే ముందు, గేటు దగ్గర ఎవరిని ఏ షరతు మీద లోపలికి రానిచ్చారో చూడాలి.

ఐర్లాండ్‌ బంగాళదుంప పంటకు 1845లో తెగులు తగిలింది. పొలంలో పచ్చగా ఉన్న ఆకు రోజుల్లో నల్లబడి, తవ్వితే దుంప కుళ్లి కంపుకొట్టేది. పేద రైతు తినేది ఆ దుంపే. ఏడేళ్లలో సుమారు పదిలక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం విడిచిపోయారు. 1841లో 82 లక్షలకు దగ్గరగా ఉన్న జనాభా 1851కల్లా 65 లక్షలకు పడిపోయింది. వీసాలు లేని కాలమది. ఓడ టికెట్టు డబ్బులుంటే చాలు. అమెరికా వాళ్లను ఎంచుకోలేదు, ఆకలి తరిమితే వచ్చిపడ్డారు.

వచ్చినవాళ్లకు దొరికింది మట్టిపని, రేవుల్లో మూటలు మోసే పని, ఆడవాళ్లకి ఇళ్లలో వంటపని. కేథలిక్‌లన్న కోపంతో బోస్టన్‌ పక్కన చార్ల్స్‌టౌన్‌లో సన్యాసినుల మఠాన్ని 1834లోనే తగలబెట్టారు. 1844లో ఫిలడెల్ఫియాలో చర్చిలు కాలాయి. పదేళ్ల తర్వాత వలసదారులను వ్యతిరేకించే ‘నో నథింగ్‌’ పార్టీ మసాచుసెట్స్‌ శాసనసభను దాదాపు మొత్తం ఊడ్చేసింది. బిచ్చమెత్తే ఐరిష్‌వాళ్లను ఆ రాష్ట్రం ఓడలెక్కించి వెనక్కి పంపింది కూడా.

అయినా వాళ్ల చేతిలో ఒకటుంది. ‘స్వేచ్ఛగల తెల్లవారు’ ఎవరైనా పౌరులు కావచ్చని 1790 చట్టం. కేథలిక్‌ని ఎంత ఈసడించుకున్నా చట్టం కంటికి అతను తెల్లవాడే. కొన్నేళ్లు ఉంటే పౌరుడు, పౌరుడైతే ఓటరు. న్యూయార్క్‌లో డెమొక్రటిక్‌ పార్టీని నడిపిన టామనీ హాల్‌ నాయకులు రేవులో దిగినవాడికి బొగ్గు, బ్రెడ్డు, ఒక పనీ చూపించి పౌరసత్వం కాగితాలు రాయించేవారు. బదులుగా అడిగేది ఓటే. మన దగ్గర వార్డు లీడర్లు చేసే పనే. ఆ ఓట్లతో 1880లో న్యూయార్క్‌కి విలియం గ్రేస్‌, 1884లో బోస్టన్‌కి హ్యూ ఓబ్రయన్‌ మేయర్లుగా గెలిచారు. మేయరు మనవాడైతే పోలీసు ఉద్యోగాలు, అగ్నిమాపక దళం, వీధిదీపాల కాంట్రాక్టులు మనవాళ్లవే. ఐరిష్‌వాళ్ల చేతికి డబ్బుకంటే ముందు అధికారం వచ్చింది. 

ఈ కథలో మసి కూడా ఉంది. నిర్బంధ సైన్యభర్తీకి ఎదురుతిరిగి 1863 జులైలో న్యూయార్క్‌లో జరిగిన అల్లర్లలో మూకల్లో ఎక్కువమంది ఐరిష్‌వాళ్లే. నల్లవాళ్లను వేటాడి చంపారు, నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని కాల్చేశారు. అంతర్యుద్ధం ముగిస్తే విడుదలైన బానిసలు తమ కూలికి పోటీ వస్తారన్న భయం అందుకొక కారణం. కింది మెట్టు మీదున్నవాడు తన కింద ఇంకొకడు ఉండాలనుకున్నాడు.

చదువు సంగతి? మసాచుసెట్స్‌లో న్యూబరీపోర్ట్‌ అనే చిన్న పట్టణంలోని కూలి కుటుంబాల లెక్కలు తీసి స్టీఫన్‌ థర్న్‌స్ట్రమ్‌ 1964లో ఒక పుస్తకం వేశారు. అక్కడి ఐరిష్‌ కూలీలు మిగతావాళ్ల కంటే ఎక్కువగా సొంతిళ్లు కొన్నారు. ఎలా కొన్నారంటే, మగపిల్లలను బడి మాన్పించి మిల్లులకు పంపి. కరువులో ఇల్లు ఖాళీ చేయిస్తే వీధిన పడ్డవాడికి తన పేరున ఒక గోడ ఉండటమే భద్రత. కొడుకు చదువు ఆ గోడకిచ్చిన వెల. ఆడపిల్లలు మాత్రం ఒకడుగు ముందు నడిచారు. తల్లి పరాయి వంటింట్లో పనిచేస్తే కూతురు నగరపాలక బడిలో టీచరమ్మ అయింది.

కెనడీల వంశం కూడా ఈ కాలమానంలోనే నడిచింది. వెక్స్‌ఫర్డ్‌ నుంచి వచ్చిన ప్యాట్రిక్‌ కెనడీ బోస్టన్‌లో పీపాలు చేసేవాడు, 1858లో పోయాడు. భార్య బ్రిజెట్‌ చిల్లరకొట్టు పెట్టి పిల్లల్ని పెంచింది. కొడుకు రేవులో కూలీగా మొదలై సారాకొట్టు పెట్టి శాసనసభ్యుడయ్యాడు. మనవడు జోసెఫ్‌ 1912లో హార్వర్డ్‌ పట్టా పుచ్చుకుని కోట్లకు పడగలెత్తాడు. ముని మనవడు 1960లో అధ్యక్షుడిగా గెలిచాడు. ఇంత వేగం అందరికీ దక్కలేదు. కానీ ఓటు, కొట్టు, కాలేజీ అన్న వరస మాత్రం చాలా ఇళ్లలో ఇదే.

ఈజిప్టువాళ్ల వరస దీనికి సరిగ్గా తలకిందులు. అసలు 1965 దాకా వాళ్లకు గేటే లేదనాలి. 1929 నుంచి అమలైన కోటాల పట్టికలో ఐర్లాండ్‌కి ఏడాదికి 17,853 వీసాలు, ఈజిప్టుకి 100. మనకైతే 1946 దాకా ఆ వంద కూడా లేదు. ఈలోగా కైరోలో నాసర్‌ ప్రభుత్వం 1962లో యూనివర్సిటీ చదువు ఉచితం చేసింది, పట్టభద్రులకు సర్కారు ఉద్యోగం హామీ ఇచ్చింది. ఇంజనీర్లు, డాక్టర్లు వేలల్లో తయారయ్యారు. కుర్చీ దొరికింది గానీ చేతినిండా పని దొరకలేదు, జీతం చాల్లేదు. ఫరూక్‌ ఎల్‌బాజ్‌ అమెరికాలో భూగర్భశాస్త్రంలో డాక్టరేట్‌ చేసి స్వదేశం వెళితే సూయజ్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పమన్నారు. ఆయన తిరిగొచ్చేశారు. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద ఎక్కడ దిగాలో తేల్చినవాళ్లలో ఆయనొకరు. ఇజ్రాయెల్‌తో 1967 యుద్ధంలో ఓటమి తర్వాత వెళ్లిపోవాలనుకునేవాళ్లు పెరిగారు. ఆస్తుల జాతీయకరణతో దెబ్బతిన్నవాళ్లూ, మైనారిటీగా బతకడం కష్టమనుకున్న కోప్టిక్‌ క్రైస్తవులూ ముందువరసలో కదిలారు. జెర్సీ సిటీలో వాళ్ల చర్చి చుట్టూ ఒక పేటే వెలిసింది. ఐరిష్‌వాళ్లకి కేథలిక్‌ పారిష్‌ చేసిన పని వీళ్లకి ఆ చర్చి చేసింది. అద్దె ఇల్లు, పని, పెళ్లి సంబంధం, అన్నీ అక్కడే.

వీళ్లకి తలుపు తీసిన చట్టం 1965 అక్టోబర్‌ 3న వచ్చింది. దేశాల కోటాలు రద్దుచేసి, కుటుంబ బంధం, వృత్తి నైపుణ్యం చూడమంది. సెనేట్‌లో ఆ బిల్లును నడిపించింది పీపాల ప్యాట్రిక్‌ ఇంకో ముని మనవడు ఎడ్వర్డ్‌ కెనడీ. మన తెలుగు డాక్టర్లు డెట్రాయిట్‌, షికాగో ఆస్పత్రుల్లో చేరింది కూడా ఈ తలుపులోంచే. డిగ్రీ ఉన్నవాడినే ఏరి లోపలికి తీసుకుని, ఆ తర్వాత వాళ్లలో డిగ్రీలెక్కువని ఆశ్చర్యపోవడం భలే తమాషా. 1969లో పెన్సిల్వేనియాలో పీహెచ్‌డీకి చేరిన అహ్మద్‌ జివేల్‌ 1999లో కెమిస్ట్రీ నోబెల్‌ అందుకున్నారు. ఆయన్ని 1847లో ఓడ దిగిన కెర్రీ కూలీతో పోలిస్తే తేలేదేముంది?

ఇంకో మలుపుంది. కొత్త చట్టం ఐరిష్‌వాళ్లకే ఎదురు తిరిగింది. అమెరికాలో ఉన్నది ముత్తాత వారసులే గానీ దగ్గరి చుట్టాలు కారు, కుటుంబ వీసా ఎవరిస్తారు? 1980లలో ఐర్లాండ్‌లో పనుల్లేక యువకులు కాగితాలు లేకుండానే బోస్టన్‌, న్యూయార్క్‌ చేరారు. వాళ్లకోసం బోస్టన్‌ ప్రాంత కాంగ్రెస్‌ సభ్యుడు బ్రయన్‌ డానెలీ, తర్వాత కనెక్టికట్‌ సభ్యుడు బ్రూస్‌ మారిసన్‌ లాటరీ వీసాలు పుట్టించారు. 1990 చట్టంలో తొలి మూడేళ్లు 40 శాతం ఐర్లాండ్‌కే కేటాయించారు. అప్పట్లో ఒకరే ఎన్ని దరఖాస్తులైనా వేయగలిగేవారు. 1991లో ఆ ఉత్తరాలు చేరాల్సిన వర్జీనియాలోని మెరిఫీల్డ్‌ పోస్టాఫీసుకి ఐరిష్‌ కుర్రాళ్లు బస్సులేసుకుని సంచుల కొద్దీ కవర్లు మోసుకెళ్లారు.

ఆ మూడేళ్లూ గడిచాక లాటరీ ప్రపంచానికంతా తెరిచారు. ఐర్లాండ్‌లో మంచిరోజులొచ్చి అక్కడి కుర్రాళ్లకు దాని అవసరం తగ్గింది. ఏటా ఎక్కువ వీసాలు గెలిచే దేశాల్లో ఈజిప్టు చేరింది. మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఇప్పటికే ఎక్కువ కాబట్టి భారతీయులకు అందులో చోటు లేదు. ఇంటర్‌ చదువుంటే చాలు, పేరు తగలాలంతే. అలా వచ్చినవాళ్లే క్వీన్స్‌లో స్టైన్‌వే వీధి హుక్కా దుకాణాల్లో, టాక్సీల్లో, అన్నం బండ్ల మీద కనబడతారు. జివేల్‌ తరంతో వీళ్లను కలిపి సగటు తీస్తే ఆ అంకెలో ఎవరి బతుకూ కనబడదు. ఐరిష్‌వాళ్లతో పోల్చాలనుకుంటే పోల్చాల్సింది ఈ లాటరీ ఈజిప్టువాళ్లనే. రన్‌ అబ్రమిట్జ్కీ, లియా బూస్టన్‌ అనే ఆర్థికవేత్తలు పాత జనగణనల్లోని లక్షల పేర్లను తండ్రీకొడుకుల వారీగా జతచేసి చూశారు. నిరుపేద వలసదారుల పిల్లలు అదే స్థాయి అమెరికన్ల పిల్లల కంటే పైకి పోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉందని తేల్చారు.

డిగ్రీతో రానిది ఒకటుంది. 2001 సెప్టెంబర్‌ 11 దాడుల తర్వాత పదహారేళ్లు దాటిన విదేశీ మగవాళ్లు కొన్ని దేశాలవాళ్లయితే ప్రభుత్వ కార్యాలయానికొచ్చి వేలిముద్రలివ్వాలన్నారు. 2003లో ఆ జాబితాలో ఈజిప్టు చేరింది. న్యూయార్క్‌ పోలీసులు ఈజిప్టువాళ్ల కాఫీ దుకాణాలు, కొట్లు ఎక్కడెక్కడున్నాయో రహస్యంగా పట్టికలు రాసుకున్నారని 2011లో బయటపడింది. తరతరాలుగా ఐరిష్‌వాళ్ల కంచుకోటగా ఉన్న శాఖ అది, అప్పటి కమిషనర్‌ రేమండ్‌ కెల్లీ. పెద్ద జీతాల డాక్టర్లున్న సమాజానికి ఆ ఫైలు ఆపించగల వార్డు లీడరు ఒక్కడూ లేడు. 1880 నాటి ఐరిష్‌ కూలీకి ఉన్నాడు.

2020 జనగణనలో ఐరిష్‌ మూలాలు చెప్పుకున్నవాళ్లు 3 కోట్ల 80 లక్షలకు పైన, ఐర్లాండ్‌ దీవి జనాభాకు అయిదు రెట్లు. ఇటాలియన్లతో, జర్మన్లతో కలిసిపోయి, తమలో నాలుగోవంతు ఐరిష్‌ అనుకునేవాళ్లూ ఇందులో ఉన్నారు. ఈజిప్టువాళ్లు సుమారు 4 లక్షలు, వాళ్లనూ ‘తెల్లవారు’ ఖాతాలోనే వేశారు. ఒకప్పుడు సిరియా నుంచి వచ్చిన అరబ్బులు ఆ ఖాతాలో చోటుకోసం కోర్టులెక్కి 1915లో గెలిచారు. 1997లో డెట్రాయిట్‌లో ఒక ఈజిప్టు నూబియన్‌ (దక్షిణ ఈజిప్టు నల్లజాతివాడు) అందులోంచి బయటపడటానికి ప్రభుత్వం మీద దావా వేశారు, గెలవలేదు. 2024 మార్చిలో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకు జనగణన ఫారంలో విడిగా ఒక గడి మంజూరైంది. ఆ నూబియన్‌ అడిగింది మాత్రం నల్లవాళ్ల గడి.