బోధను చెరకు సీమలో పనీ, ఇల్లూ, బస్సూ

నరికిన చెరకు ఎక్కువసేపు ఆగదు. గడ నేలకు ఒరిగినప్పటి నుండి అందులోని సుక్రోజు విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారడం మొదలవుతుంది. ఇలా మారిన చక్కెర తాను స్ఫటికాలు కట్టదు సరిగదా, మిగిలిన చక్కెరను కూడా సరిగా కట్టనివ్వదు. అందుచేతనే కోసిన గడ ఒక రోజులోగా గానుగలో పడాలంటారు. పత్తిని బేళ్ళు కట్టి ఎంత దూరమైనా పంపవచ్చు గనుక బట్టల మిల్లును రేవు పట్టణంలో పెట్టినా నష్టం లేదు. చక్కెర మిల్లు మాత్రం పైరును వెదుక్కుంటూ పొలాల నడుమకు పోవాలి. దాని వెంట పనివాళ్ళూ పోవాలి. నిజామాబాదు జిల్లాలో వేలాది కుటుంబాల కాపురం ఎక్కడ సాగాలో నిర్ణయించిన కారణాలలో ఈ చిన్న రసాయనిక మార్పు ఒకటి.

మంజీరా నదిపై నిజాంసాగరు నిర్మాణం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు ఆధ్వర్యంలో సాగిన ఈ పథకం 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని తలపెట్టినది. కాలువలు పారిన పిమ్మట కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుండి కాలువ సేద్యం తెలిసిన రైతులు వచ్చి భూములు కొన్నారు. వీరు పాత గ్రామాలలో ఇళ్ళు వెదకక, కొన్న పొలం గట్టునే గుడిసెలు వేసుకొన్నారు. తడి పొలానికి రాత్రి వేళ కూడా నీరు కట్టాలి. రెండు మైళ్ళ అవతల ఊరిలో పడుకున్న రైతు కాలువ వంతు వచ్చేసరికి చేరుకోలేడు. బోధను, వర్ని ప్రాంతాలలో ఊరి పేరు చివర ‘క్యాంపు’ అనే మాట నేటికీ వినబడుతుంది. డేరా వేసినట్లు వెలిసి, మేడలు కట్టిన తరువాత కూడా ఆ పేరుతోనే మిగిలిపోయిన ఊళ్ళవి.

1937లో బోధను పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైనది. ఒక కాలంలో అది ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. దానిని ఆనుకుని లేచిన పేటకు శక్కర్ నగర్ అని పేరు. సంస్థ క్వార్టర్లు ఎందుకు కట్టవలసి వచ్చిందో తెలుసుకోవాలంటే గడియారం చూడాలి. క్రషింగు సాగినన్నాళ్ళు మిల్లు రాత్రింబవళ్ళు ఆడుతుంది. రసం మరుగుతూ ఉండగా పాన్‌మన్ ఇంటికి పోయి తెల్లవారి రాలేడు. అర్ధరాత్రి షిఫ్టు మారే వేళ పల్లెలకు ఏ బస్సూ నడవదు. కాబట్టి మిల్లు కూత వేటు దూరంలోనే ఇల్లు ఉండి తీరాలి. కోత కూలీల సంగతి మరీ కష్టం. వారి పనిచోటు వారానికొకసారి మారుతుంది గనుక వారి ఇల్లు కూడా తాటాకుతోనో చెరకు ఆకుతోనో వేసిన గుడిసెగా పొలం వెంట తిరుగుతుంది.

రవాణా లేదని కాదు. హైదరాబాదు నుండి మన్మాడు వెళ్ళే గోదావరి లోయ రైలు మార్గం 1901 నాటికే నిజామాబాదు మీదుగా పూర్తయింది. జానకంపేట దగ్గర దాని నుండి చీలిన శాఖ బోధను చేరుతుంది. 1932లో నిజాం రైల్వే వారే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించారు. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది.

బస్సు వచ్చినంత మాత్రాన ఇల్లు పనికి దూరంగా జరుగుతుందా? విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చు. పనికి పోవడానికి అరగంట మాత్రమే కేటాయించామనుకుందాం. గంటకు 5 కిలోమీటర్లు నడిచేవాడు 2.5 కిలోమీటర్ల లోపలే ఇల్లు చూసుకోవాలి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కేవాడికి ఆ హద్దు 7.5 కిలోమీటర్లు. వ్యాసార్ధం 3 రెట్లయితే వైశాల్యం 9 రెట్లవుతుంది. అంటే అతడు వెదకదగిన నేల 20 చదరపు కిలోమీటర్ల నుండి 177కు పెరిగింది. బస్సు గంటకు 30 కిలోమీటర్లు పోతుంది. కాని బస్సు దాకా నడక 10 నిమిషాలు, ఎదురుచూపు 10 నిమిషాలు తీసివేస్తే ప్రయాణానికి మిగిలేది 10 నిమిషాలే. అంతలో అది పోయేది 5 కిలోమీటర్లు! చిన్న దూరాలలో సైకిలు బస్సును ఓడిస్తుంది. మిల్లు పట్టణాలలో సైకిలుకు అంత గౌరవం ఉండేదంటే ఆశ్చర్యం లేదు.

నిజామాబాదుకూ బోధనుకూ మధ్య దూరం సుమారు 25 కిలోమీటర్లు. అదే లెక్కన బస్సులో 50 నిమిషాలు, నడకా ఎదురుచూపూ కలిపితే గంటా 10 నిమిషాలు. రానూపోనూ 2 గంటల 20 నిమిషాలు. రవాణా శాస్త్రజ్ఞుడు యాకోవ్ జహవి 1970ల్లో అనేక నగరాల లెక్కలు పరిశీలించి, మనుషులు సగటున రోజుకు గంటకు కొంచెం పైగా మాత్రమే ప్రయాణానికి వెచ్చిస్తారని గమనించాడు. ఆ కొలతకు ఇది రెట్టింపు. ఐనా కొందరు దీనిని భరించడానికి సిద్ధపడతారు. జిల్లా కేంద్రంలో కళాశాలలు, పెద్ద ఆసుపత్రి, కచేరీలు ఉంటాయి. తండ్రి పని ఒకచోట, పిల్లల చదువు మరొకచోట ఐనప్పుడు ఎవరో ఒకరు దారిన పడక తప్పదు. పగటి షిఫ్టు గుమాస్తా ఈ ఏర్పాటు చేసుకోగలడు. రాత్రి షిఫ్టు వాడికి ఆ అవకాశమే లేదు. ఇల్లు ఎన్నుకునే స్వేచ్ఛ జీతంతోపాటు పని వేళల మీద కూడా ఆధారపడుతుందని మరచిపోరాదు.

ఇంగ్లాండులో 1883లో చేసిన చౌక రైళ్ళ చట్టం ఈ ముడిని విప్పడానికే పుట్టింది. పనివారికి తక్కువ ఛార్జీతో వేకువ రైళ్ళు నడపాలని అది కంపెనీలను నిర్బంధించింది. దాంతో లండను ఇరుకు పేటల శ్రామికులు వాల్తమ్‌స్టో, ఎడ్మంటన్ వంటి శివారులలో ఇళ్ళు తీసుకోగలిగారు. టికెట్టు ధరకు తోడు రైలు వేళ కూడా పనివేళకు సరిపడినందువల్లనే అది సాధ్యమైంది.

నిజామాబాదు స్త్రీలలో ఎందరికో ఈ సమస్య తలక్రిందులుగా ఎదురైంది. బీడీ పనికి ప్రయాణమే లేదు. తునికాకు, తంబాకు ఇంటికే వస్తాయి. ఇల్లు విడువలేని వారికి పని ఇల్లు వెదుక్కుంటూ రావడం సౌకర్యమే. కాని తంబాకు ధూళి కూడా ఆ ఇంట్లోనే, పిల్లల నడుమనే ఉంటుంది.

చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. బోధనులోనో నిజామాబాదులోనో సొంత గోడలు లేపుకున్న కార్మికుడు అదే ఇంటి నుండి మరో పనికి బస్సెక్కవచ్చు. క్వార్టరు వాసికి ఆ వీలు లేదు. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు కనుక, జీతం ఆగిననాడే తలదాచుకునే చోటు ప్రశ్న కూడా ముందుకు వస్తుంది. నడిచిపోగల దూరంలో ఇల్లు దొరకడం ఎంత మేలో, దానిలో ఇంత ప్రమాదం కూడా దాగి ఉంది.

2023 డిసెంబరు 9న తెలంగాణలో బాలికలకు, స్త్రీలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. బోధను దగ్గరి క్యాంపు నుండి నిజామాబాదు కళాశాలకు వచ్చే విద్యార్థినికి హాస్టలు గది అద్దె, బస్సు ఛార్జీ పక్కపక్కన పెట్టి చూసుకునే లెక్క దీనితో మారింది. క్యాంపు నుండి రోడ్డు దాకా నడకా, సాయంత్రం ఆఖరి బస్సు వేళా ఆ లెక్కలో ఇంకా మిగిలే ఉన్నాయి.