పళ్లెమా, పడవా: ఒళ్లు తగ్గించే పద్ధతుల వెనకటి కథ

ఆహారం మార్చి ఒళ్లు తగ్గించుకునే పద్ధతిని వైద్యుల గదుల నుంచి మామూలు ఇళ్లకు చేర్చింది 1863లో లండన్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకం. స్థూలకాయం గురించి ప్రజలనుద్దేశించి రాసిన లేఖ అది. రాసినవాడు విలియం బాంటింగ్. ఇన్సులిన్ పరిశోధనతో పేరు పొందిన ఫ్రెడరిక్ బాంటింగ్ వేరు, ఈయన వేరు. సెయింట్ జేమ్స్ వీధిలో ఆయన కుటుంబానికి కలప సామాన్ల దుకాణం, దానితోపాటు అంత్యక్రియలు జరిపించే వ్యాపారం ఉండేవి. మూడవ జార్జి రాజుకూ, వెల్లింగ్టన్ ప్రభువుకూ అంతిమయాత్ర ఏర్పాట్లు చేసిన కుటుంబం అది.

1862 ఆగస్టులో, అరవయ్యోపడి మధ్యకు వచ్చిన బాంటింగ్ ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌండ్లు. అంటే దాదాపు 92 కిలోలు. వంగి బూట్ల తాళ్లు కట్టుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు. మోకాళ్లు, చీలమండలు భారం ఓర్చుకోలేక మెట్లు వెనక్కి తిరిగి మెల్లగా దిగేవాడు. నలుగురున్న చోట వినిపించే ఎగతాళి మాటలకు బాధపడి జనంలోకి వెళ్లడమే తగ్గించుకున్నాడు. స్థూలకాయుడి సిగ్గును, కష్టాన్ని ఆ మనిషే స్వయంగా, దాపరికం లేకుండా చెప్పుకోవడం ఆ రోజుల్లో అరుదు. పుస్తకం అంతగా ఆకట్టుకోవడానికి సగం కారణం అదే.

అంతకు చాలా ఏళ్ల ముందే ఒళ్లు రావడం మొదలైంది. శరీరానికి శ్రమ పెట్టమని మిత్రుడైన ఒక వైద్యుడు చెప్పాడు. ఇల్లు నదికి దగ్గరే కాబట్టి బాంటింగ్ బరువైన పడవ ఒకటి తీసుకుని రోజూ తెల్లవారుజామున రెండేసి గంటలు తెడ్డు వేశాడు. కండ గట్టిపడింది. దాంతోపాటు ఆకలీ విపరీతంగా పెరిగింది. ఆకలికి తగ్గట్టు తిన్నాడు, ఒళ్లు ఇంకా పెరిగింది. చివరికి ఆ మిత్రుడే పడవ మానెయ్యమన్నాడు. ఆ తర్వాత ఆవిరి స్నానాలు, ఊరూరి ఖనిజజలాలు, క్షార ద్రావకాలు, గుర్రపుస్వారీ అన్నీ అయ్యాయి. ఏదీ నిలకడగా పనిచేయలేదు.

చెవుల వినికిడి మందగించడం వల్ల 1862లో ఆయన విలియం హార్వే అనే చెవి వైద్యుడి దగ్గరికి వెళ్లాడు. కాలేయం చక్కెరను తయారుచేస్తుందని పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ చేసిన ఉపన్యాసాలు హార్వే విన్నవాడు. చక్కెర, పిండిపదార్థాలు మానేస్తే కొవ్వు పేరుకోవడం ఆగవచ్చునన్న ఆలోచన ఆయనకు అక్కడే కలిగింది. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళదుంప ఆపెయ్యమని బాంటింగ్‌కు చెప్పాడు. అప్పటిదాకా బాంటింగ్ రోజంతా తిన్నది దాదాపు ఇవే: పొద్దున పాలూ చక్కెరా దండిగా వేసిన టీ, వెన్న రాసిన రొట్టె, మధ్యాహ్నం మాంసంతో పాటు బీరు, బోలెడు రొట్టె, పిండివంటలు, రాత్రికి పండ్ల పూరణం పెట్టిన పిండివంటకం.

కొత్త క్రమంలో ఉదయం 115 నుంచి 140 గ్రాముల గొడ్డుమాంసమో, గొర్రెమాంసమో, కాల్చిన చేపో ఉండేది. పక్కన పాలూ చక్కెరా లేని టీ, 30 గ్రాములకు మించని ఎండు రొట్టెముక్క. మధ్యాహ్నం చేప, మాంసం, బంగాళదుంప కాని కూరగాయ ఏదైనా, రెండు మూడు గ్లాసుల ద్రాక్షసారా. సాయంత్రం కాస్త పండు, రాత్రి మళ్లీ మాంసమో చేపో. పంది మాంసం వద్దన్నారు. సారా ఇంతగా ఉన్న పథ్యాన్ని నేటి వైద్యులెవరూ ఒప్పుకోరు. కానీ ఏడాదిలో 46 పౌండ్లు, అంటే దాదాపు 21 కిలోలు తగ్గాయి. నడుము చుట్టుకొలత 12 అంగుళాల పైన తగ్గింది. వినికిడి కూడా మెరుగుపడింది. ఏ తేదీన ఎంత బరువున్నాడో పట్టిక వేసి పుస్తకంలో అచ్చు వేయించాడు. సొంత మాటను తూకపు అంకెలతో నిలబెట్టే ఈ అలవాటు తర్వాతి పథ్యపుస్తకాలన్నిటికీ సంక్రమించింది.

తొలి ప్రతులను బాంటింగ్ ఉచితంగా పంచాడు. గిరాకీ పెరిగాక అమ్మకానికి పెట్టినా లాభాన్ని ధర్మకార్యాలకే ఇచ్చాడు. పుస్తకం ఫ్రెంచి, జర్మన్ భాషల్లోకి వెళ్లింది. ఒళ్లు తగ్గించుకునేందుకు పథ్యం చేయడానికి ఆయన పేరే వాడుకపేరైంది. వైద్యపత్రికలు మాత్రం మండిపడ్డాయి. వైద్యం తెలియనివాడు వైద్యం చెప్పడమేమిటని ఒక ఆక్షేపణ, ఇందులో కొత్తేముందని మరొకటి. రెండో ఆక్షేపణలో న్యాయం ఉంది. పిండిపదార్థాలే ఒళ్లు పెంచుతాయని ఫ్రాన్స్‌లో బ్రియా సవారిన్ 1825లోనే రాశాడు. మన దేశంలో ఆలోచన ఇంకా పాతది. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలుడి గురించి వివరంగా చెబుతుంది. తీపి, నూనె పదార్థాలు అతిగా తినడం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర, చింతలేని జీవితం కారణాలంటుంది. కొర్రలు, చామలు, అరికెలు, యవలు, పెసలు, ఉలవలు తినమంటుంది. వ్యాయామం క్రమంగా పెంచుకోమంటుంది. తిండీ శ్రమా రెండూ ఒకే చోట, విడదీయకుండా ఉన్న ఉపదేశం అది.

బాంటింగ్ కథతో ఆ రెండూ విడిపోయాయి. పడవ నడిపితే ఒళ్లు పెరిగింది, పళ్లెం మారిస్తే తగ్గింది: ఈ అనుభవం ఆయన మట్టుకు నిజమే. ఒక్క మనిషి నిజం అందరికీ సూత్రమైపోవడమే చిక్కు. వేరే దారి పట్టినవాళ్లు లేకపోలేదు. 1880లలో మ్యూనిక్ వైద్యుడు మాక్స్ జోసెఫ్ ఓర్టెల్ గుండె బలహీనపడిన స్థూలకాయులకు కొండదారుల నడక నియమించాడు. మొదట చదును దారి, తర్వాత కొంచెం ఏటవాలు, ఆ తర్వాత నిటారు. జర్మనీ, ఆస్ట్రియా ఆరోగ్యకేంద్రాల్లో ఇది బాగా నడిచింది కాని, అందుకు కొండలూ కావాలి, తీరికా కావాలి. పుస్తకం కొనుక్కుని ఇంట్లో పళ్లెం మార్చుకోవడం అంతకంటే సులువు.

పళ్లెంలోని పదార్థాన్ని అంకెగా మార్చిన ఘనత అమెరికాలో విల్బర్ ఆట్‌వాటర్‌ది. కనెక్టికట్ రాష్ట్రం మిడిల్‌టౌన్‌లో ఆయన, భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ రోజాతో కలిసి 1890లలో మనిషి పట్టేంత కేలరీమీటరు కట్టాడు. గాలి, వేడి బయటకు పోకుండా మూసిన ఆ గదిలో మనుషులు రోజుల తరబడి ఉండేవారు. తిండి చిన్న కిటికీగుండా లోపలికి వెళ్లేది. తిన్న ప్రతి పదార్థాన్నీ, ఒంట్లోంచి వెలువడిన వేడినీ లెక్కకట్టేవారు. లోపల కదలకుండా ఉంచిన సైకిలు తొక్కించి శ్రమ ఖర్చును కూడా కొలిచారు. గ్రాము పిండిపదార్థానికీ, మాంసకృత్తులకూ 4 కేలరీలు, కొవ్వుకు 9 అన్న లెక్క ఆయన కృషి ఫలితమే. అంటే శ్రమకూ లెక్క ఆనాడే దొరికింది. కానీ జనంలోకి వెళ్లింది తిండి లెక్క ఒక్కటే.

దాన్ని తీసుకెళ్లింది లాస్ ఏంజిలిస్ వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్. ఒకప్పుడు 220 పౌండ్ల బరువుండి 70 పౌండ్లు తగ్గించుకున్న ఆమె 1918లో ఆహారం, ఆరోగ్యం, కేలరీల గురించి పుస్తకం రాసింది. రొట్టెముక్క అనడం మానేసి 100 కేలరీల రొట్టె అనడం నేర్చుకోమంది. రోజుకు 1,200 కేలరీలు లెక్క చెప్పింది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది కాబట్టి మిగిల్చిన తిండి ఆకలిగొన్న పిల్లలకు చేరుతుందని ఉత్సాహపరిచింది. బొమ్మలు వేసింది పదేళ్ల మేనల్లుడు. వ్యాయామాలకు అందులో చోటున్నా పాఠకులకు గుర్తుండిపోయింది కేలరీల పట్టిక.

శ్రమ మాటను గట్టిగా వెనక్కి తెచ్చిన పరిశీలనల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జీన్ మేయర్, సహచరులు పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో 213 మందిని పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో రోజంతా దుకాణంలో కూర్చునేవాళ్లున్నారు, గుమాస్తాలున్నారు, నేతగాళ్లున్నారు, బరువులు మోసే కూలీలున్నారు. కష్టమైన పని చేసేవాళ్లు ఎక్కువ తిన్నారు, కానీ సన్నగానే ఉన్నారు. తేలికపాటి పని చేసేవాళ్లు తక్కువ తిన్నారు. అసలు కదలనివాళ్లు మాత్రం కూలీలంత తిన్నారు, అందరికంటే లావుగా ఉన్నారు. శ్రమ పెరిగితే ఆకలి పెరుగుతుందన్న బాంటింగ్ అనుభవం అబద్ధం కాదు. శ్రమ మరీ తగ్గిపోతే ఆకలి మాత్రం దాంతోపాటు తగ్గదన్నదే ఆయనకు అందని రెండో సగం.

అదే కాలంలో లండన్‌లో జెర్రీ మోరిస్ బృందం రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించింది. పొద్దస్తమానం మెట్లెక్కి దిగే కండక్టర్లకు, కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే గుండెజబ్బులు తక్కువని 1953లో ప్రకటించింది. సిబ్బందికి కుట్టించే ప్యాంట్ల నడుము కొలతలు తర్వాత చూస్తే డ్రైవర్ల నడుములు పెద్దవి. అయితే కొలతలో సమానమైన నడుములను పోల్చినా కండక్టర్ల గుండెలే మెరుగ్గా ఉన్నాయి. వ్యాయామాన్ని తక్కెడతో మాత్రమే తూచడం పొరపాటని చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అప్పటికి లేదు.

పిండిపదార్థాలు తగ్గించే పద్ధతి మాత్రం పదేపదే కొత్త పేర్లతో వచ్చింది. 1972లో అమెరికాలో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం, 2013లో దక్షిణాఫ్రికాలో టిమ్ నోక్స్ బృందం పుస్తకం వచ్చాయి. నోక్స్ బృందం తమ పద్ధతికి బాంటింగ్ పేరే పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాల్లో వీరమాచనేని రామకృష్ణ సభలు అన్నం మాని కొబ్బరినూనె తాగే పద్ధతిని ఊరూరికీ చేర్చాయి. బియ్యమే ప్రాణంగా బతికే జిల్లాల్లో అంత మంది దానికి సిద్ధపడ్డారంటే బరువు వాళ్లనెంత బాధిస్తోందో తెలుస్తుంది.

ఏ పళ్లెం మేలన్న ప్రశ్నకు 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందితో జవాబు వెతికారు. సగం మంది కొవ్వు తగ్గించారు, సగం మంది పిండిపదార్థాలు తగ్గించారు. చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు పెంచమని రెండు గుంపులకూ చెప్పారు. ఏడాదికి మొదటివాళ్లు సగటున 5.3 కిలోలు, రెండోవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. రెండు గుంపుల్లోనూ బాగా తగ్గినవాళ్లున్నారు, పెరిగినవాళ్లూ ఉన్నారు.

తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం వేరే ప్రశ్న. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా అలాగే ఉన్నవాళ్ల వివరాలను 1994 నుంచి అమెరికాలో ఒక జాతీయ జాబితాలో నమోదు చేస్తున్నారు. వాళ్లు అనుసరించిన పథ్యాలు రకరకాలు. పదిమందిలో తొమ్మిదిమంది మాత్రం రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేస్తున్నారు. అందులో ఎక్కువ మంది ఎంచుకున్నది నడక.