శాసనము నుండి జేసన్ దాకా



కంప్యూటర్లు సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే పాఠ్యరూపాలలో నేడు బహుళ ప్రచారంలో ఉన్నది జేసన్. దానిని పరిచయం చేయడానికి మన తీరంలోని ఒక రాతిస్తంభాన్ని ఆశ్రయిస్తున్నాను.

నెల్లూరు నుండి తీరం వెంబడి ఉత్తరంగా పోతే, నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో అది పేరుగన్న రేవు. శా.శ. 1166 క్రోధి సంవత్సరంలో, అనగా క్రీ.శ. 1244-45లో, గణపతిదేవ చక్రవర్తి అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతాన లాగుకొనేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ గ్రహింపననీ వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు మొదలైనవాటికి సుంకమెంతో వరుసగా చెక్కించాడు. సుంకరి నోటిమాటకు లోబడక, వర్తకుడు రాతిని చూపి అడుగవచ్చు. వ్రాతలోని క్రమం బలహీనునికి రక్ష.

అయితే రాతిమీద ఏది కాలమో, ఏది రాజు పేరో చదువరి సంప్రదాయం తెలిసి గుర్తించాలి. యంత్రానికి ఆ తెలివి లేదు. కనుక జేసన్‌లో ప్రతి విలువకూ ముందు దాని పేరు వ్రాస్తారు:

{"శకవర్షము": 1166, "సంవత్సరము": "క్రోధి", "రాజు": "గణపతిదేవుడు", "సరుకులు": ["చందనం", "కర్పూరం", "పన్నీరు"]}

లెక్కల పుస్తకంలోని ధనుర్బంధం ఒక వస్తువును చుట్టివేస్తుంది. గురుబంధం జాబితాను పట్టి ఉంచుతుంది. వ్యాకరణం ఇంచుమించు ఇంతే. 1998లో ఎక్స్‌ఎమ్‌ఎల్ ప్రమాణమైంది. తరువాత డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జావాస్క్రిప్టు భాషనుండి ఈ తేలికరూపాన్ని తీసి 2001 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చారు. 2017 నాటి ప్రమాణం వ్యవస్థల మధ్య వినిమయానికి యూటీఎఫ్-8ను విధించింది. కనుక మన ఱకారం కూడా చెక్కుచెదరక ప్రయాణిస్తుంది.

రూపం సత్యానికి పూచీ పడదు. శాసనకర్తలు శకవర్షంతోపాటు సంవత్సరనామమూ చెప్పేవారు. ఒకటి చెరిగినా రెండవది సాక్ష్యమిస్తుంది. జేసన్ తప్పు అంకెనైనా నిశ్శబ్దంగా మోస్తుంది. ఆ సాక్ష్యాన్ని మనమే చేర్చాలి.

బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి గార్లు నెల్లూరు జిల్లా శాసనాలను 1905లో మూడు సంపుటాలుగా వెలువరించారు. పుటల ఛాయాచిత్రాలు చదువరికి చాలును గాని, ఏ ఏ ఊళ్ళలో చెరువులకు దానాలున్నవో ఒక్కమారు అడిగి తెలుసుకోవాలంటే చాలవు. ఓపిక గల యువమిత్రులు ఒక్కొక్క శాసనాన్ని ఇట్లు విడదీసి వ్రాస్తే ఎంతో మేలు. ఒక్కటే విన్నపం: రాతిమీది వర్ణక్రమాన్ని దిద్దకండి. మన సవరణకు వేరే పేరుతో వేరే గడి ఇవ్వండి. మూలాన్ని మూలంగా ఉంచడమే పరిష్కర్త ధర్మం.