బెజవాడ గ్రంథాలయాలూ, మన ఎనిమిది పైసలూ



మా హాస్టల్‌లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వేసవి సెలవుల్లో తమ ఊరికి దగ్గరలో ఉన్న గ్రంథాలయానికి వెళ్లింది. అక్కడ కూర్చుని ఒక కథల పుస్తకం సగం చదివింది. మిగతా సగం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటానంటే సభ్యత్వం ఉండాలన్నారు. డిపాజిట్ కట్టాలి, ఇంటి పన్ను కట్టే పెద్దమనిషి ఒకరు హామీ సంతకం పెట్టాలి అన్నారు. ఆ అమ్మాయి వాళ్లది కాలవ గట్టు మీద గుడిసె. దానికి డోర్ నంబరు లేదు, పన్ను రసీదు లేదు. నాన్న కాలవలో చేపలు పడతాడు, కోతల కాలంలో పొలాల్లో ఎలకలు పడతాడు. సంతకం ఎవరిని అడగాలో తెలియక పుస్తకం అక్కడే పెట్టి వచ్చేసింది. బడులు తెరిచాక మా దగ్గరికొచ్చి, "మేడం, లైబ్రరీ పన్ను కట్టేవాళ్లదంట. మనది కాదంట" అంది.

ఆ రోజు మేం సరైన జవాబు చెప్పలేకపోయాం. ఉపాధ్యాయ శిక్షణలో గ్రంథాలయం ఉపయోగాల మీద వ్యాసాలు రాశాం. కానీ అది ఎవరి డబ్బుతో పుట్టింది, ఎవరి డబ్బుతో నడుస్తోంది అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఆలోచించలేదు. ఆ అమ్మాయి మాట విన్న తరువాతే ఆ చరిత్ర వెతికి చదివాం. మన సంఘం ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఇదే రాయాలనిపించింది.

ఒక కుర్రవాడు మొదలుపెట్టిన పని

మనం ఉంటున్న ఈ విజయవాడే ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి కేంద్రం. అప్పట్లో దీన్ని బెజవాడ అనేవారు. 1911లో ఇక్కడ రామ్మోహన గ్రంథాలయం ఏర్పడింది. దాని వెనక ఉన్న అయ్యంకి వెంకటరమణయ్యగారు 1890లో పుట్టారు. అంటే అప్పటికి ఆయన వయసు ఇరవై ఒక్క ఏళ్లు. మీలో చాలామంది వయసే.

మూడేళ్లు తిరక్కుండానే, 1914 ఏప్రిల్‌లో, బెజవాడలోనే ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులందరూ మహాసభ జరుపుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అక్కడే పుట్టింది. తరువాత అయ్యంకివారు 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిపారు, ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేశారు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత స్థాయి గ్రంథాలయ మహాసభ జరగడం వెనకా ఆయన కృషి ఉంది. బడిలో ఏటా నవంబరు 14 నుంచి జరుపుకునే గ్రంథాలయ వారోత్సవాలకు ఆ తేదీ అలా వచ్చింది. 1972లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆ రోజుల్లో గ్రంథాలయాలకు చట్టం లేదు, పన్ను లేదు, ప్రభుత్వ జీతాలు లేవు. ఊరివాళ్లు చందాలు వేసుకోవాల్సిందే. ఉన్నవాళ్లు స్థలం ఇచ్చారు, పుస్తకాలు ఇచ్చారు. లేనివాళ్లు ఒళ్లు వంచి పని చేశారు. తెలుగు ఊళ్లలో మంచి పనులకు పిడికెడు బియ్యం పద్ధతి ఒకటి ఉండేది. ఇంటి ఇల్లాలు పొయ్యిమీద ఎసరు పెట్టే ముందు గుప్పెడు బియ్యం తీసి పక్క కుండలో వేసేది. వారానికోసారి వచ్చి పట్టుకెళ్లేవారు. గుప్పెడు బియ్యంతో ఏ ఇల్లూ పస్తు ఉండదు, కానీ వంద ఇళ్ల గుప్పెళ్లు కలిస్తే బస్తా అవుతుంది.

అదే ఏళ్లలో మనవాళ్లు ఎక్కడ ఉన్నారు?

ఇక్కడ మేం కాసేపు ఆగిపోయాం. 1911లో బెజవాడలో గ్రంథాలయం పుట్టింది, సరే. అదే 1911లో ఇంకొకటి కూడా జరిగింది. ఉత్తరాదిలో 1871 నుంచి ఉన్న నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం మార్చి, మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. ఫలానా తెగలో పుట్టడమే నేరం అన్నది ఆ చట్టం. అందులో మన ఎరుకలవాళ్లు ఉన్నారు. పేర్లు నమోదు చేయించుకోవాలి, హాజరు చెప్పాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు.

1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పాటు చేశారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు దానికి పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ దాన్ని నడిపింది. బెజవాడకు ఎదురుగా కృష్ణ ఆవలి ఒడ్డున సీతానగరంలో కూడా అలాంటి సెటిల్‌మెంటు ఉండేది.

ఇంకో సంగతి చూడండి. స్టూవర్టుపురంలో రైలెక్కి చీరాల దాటితే వేటపాలెం వస్తుంది. ఆ ఊళ్లో 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం మొదలైంది. 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికి వెళుతుంటారు. అటు గ్రంథాలయం, ఇటు సెటిల్‌మెంటు, మధ్యలో చీరాల. ఒకే రైలు మార్గం, ఒకే కాలం. ఒకచోట మనుషులు పుస్తకాల చిట్టా రాసుకుంటుంటే, ఇంకోచోట మనుషులనే చిట్టాలో రాసుకున్నారు.

ఎవరినో నిందించడానికి ఇది చెప్పడం లేదు. గ్రంథాలయాలు కట్టినవాళ్లు గొప్ప పని చేశారు. కానీ చందా ఇచ్చినవాళ్ల జాబితాలో మన పేర్లు లేవంటే, మనకు మనసు లేక కాదు. ఊరు దాటడానికే అనుమతి అడగాల్సినవాడు ఏ ఊరి గ్రంథాలయానికి చందా ఇస్తాడు? ఆ చట్టాన్ని మద్రాసులో 1947లో రద్దు చేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దాని రద్దు కోసం పోరాడినవారిలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్యగారు ముఖ్యులు. ఆయన యానాదుల జీవితం మీద పుస్తకం కూడా రాశారు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి.

కాలవ మీద పుస్తకాల పడవ

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పారాయి. ఆ కాలవలు పొలాలకు నీళ్లు మాత్రమే కాదు, మనుషులకు దారి కూడా. బస్సులు రాకముందు డెల్టాలో జనం పడవల్లోనే తిరిగేవారు.

పాతూరి నాగభూషణంగారికి అక్కడే ఆలోచన వచ్చింది. పడవ మెల్లగా పోతుంది, ఎక్కినవాళ్లు గంటల తరబడి ఊరికే కూర్చుంటారు. ఆ పడవలోనే పుస్తకాలు పెడితే? 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవ గ్రంథాలయం మొదలైంది. చదువరి గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే చదువరి దగ్గరికి వెళ్లింది. విజయవాడ పటమటలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరు మీద ఉన్న సర్వోత్తమ భవనం గ్రంథాలయ సంఘానికి నిలయం. అక్కడ పాతూరివారి పేరుతో గ్రంథాలయ శాస్త్రం నేర్పే పాఠశాల ఉంది. ఇంటర్ అయ్యాక ఏం చదవాలో తోచనివాళ్లు ఆ దారి కూడా ఒకసారి కనుక్కోండి. గ్రంథాలయం కుర్చీలో మన పిల్ల కూర్చుంటే, కాలవ గట్టు నుంచి వచ్చిన పిల్లను పలకరించే తీరు వేరుగా ఉంటుంది.

ఆ పడవ గురించి చదివినప్పుడు మాకు ఇంకో మాట తోచింది. ఈ కాలవ గట్ల మీదే కదా మనవాళ్లు గుడిసెలు వేసుకుని బతుకుతున్నది! గట్టు తెగకుండా మట్టి పోసిన చేతుల్లో, పంట తినే ఎలకను పట్టిన చేతుల్లో మన చేతులు ఉన్నాయి. డెల్టాలో పండిన గింజలో మన కష్టం ఉంది. ఆ గింజలోంచి తీసిన పిడికెడులో మన వాటా లేదని ఎవరనగలరు?

ఎనిమిది పైసల లెక్క

ఇక చట్టం సంగతి. చందాలతో పుట్టింది చందాలతోనే ఎల్లకాలం బతకదు. ఇచ్చేవాళ్లు పోతారు, వారసులకు ఆసక్తి ఉండదు, ఒక వానాకాలం కప్పు కారితే పుస్తకాలు తడిసిపోతాయి. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ అనే ధనవంతుడు ప్రపంచమంతటా 2,500కు పైగా గ్రంథాలయ భవనాలకు డబ్బిచ్చాడు. కానీ ఊరికే ఇవ్వలేదు. స్థలం మీరివ్వండి, ఏటా నడపడానికి పన్నులోంచి డబ్బు కేటాయిస్తామని మాటివ్వండి, అప్పుడే భవనం అన్నాడు. భవనం ఒకసారి ఇచ్చే దానం, దాన్ని నడపడం ఏటేటా చేసే పని అని అతనికి తెలుసు.

మన దగ్గర కూడా ఉద్యమం నడిపినవాళ్లు చట్టం కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఎస్.ఆర్. రంగనాథన్‌గారి కృషి అందులో ఉంది. మన రాష్ట్రం ఏర్పడ్డాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. ఈ చట్టం ప్రకారం ఇంటి పన్ను ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ గానీ పురపాలక సంఘం గానీ దాన్ని పన్నుతోపాటే వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇంటి పన్ను 300 రూపాయలైతే దాని మీద గ్రంథాలయానికి 24 రూపాయలు. పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, కరెంటు వంటివాటికి ఈ డబ్బే ఆధారం.

అంటే కాలనీలో పక్కా ఇల్లు ఉండి పన్ను కడుతున్న మన కుటుంబాలన్నీ గ్రంథాలయానికి చందాదారులే. ఈసారి ఇంట్లో పన్ను రసీదు తీసి చూడండి. పాత కాలంలో పిడికెడు బియ్యం ఇచ్చిన ఇల్లాలికీ, ఈ రోజు ఎనిమిది పైసలు కట్టే మీ అమ్మకూ తేడా లేదు.

మరి డోర్ నంబరే లేని గుడిసె సంగతి? గ్రంథాలయ సిబ్బంది జీతాలకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ప్రభుత్వానికి ఆ డబ్బు ఎక్కడిది? సబ్బు కొన్నా, సెల్ రీచార్జి చేసినా మనం పన్ను కడుతూనే ఉన్నాం. రసీదు లేనంత మాత్రాన కట్టనట్టు కాదు. ఆ అమ్మాయికి ఆ రోజు మేం చెప్పలేకపోయిన జవాబు ఇదే.

ఇప్పుడు మన వంతు

పౌర గ్రంథాలయంలో కూర్చుని చదవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ముందు గడప దాటండి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఒక్కరే కాకుండా నలుగురు కలిసి వెళ్లండి. రోజూ కనిపించే ముఖాన్ని ఎవరూ కొత్తగా చూడరు.

ఇంటికి పుస్తకం తెచ్చుకోవాలంటే హామీ సంతకం కావాలి కదా. మన సంఘంలో ఉద్యోగాలు చేసేవాళ్లు, సొంత ఇళ్లు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అన్నలారా, అక్కలారా, వాళ్లకు చందా పుస్తకం పట్టుకుని వచ్చినప్పుడు డబ్బు ఇస్తున్నారు, సంతోషం. ఈసారి ఒక్కో పిల్లకు ఒక్కో సంతకం కూడా ఇవ్వండి. దానికి ఖర్చు లేదు.

వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉన్నదే. మీ పంచాయతీలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమైంది అని గ్రామసభలో అడగొచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద రాసి కూడా అడగొచ్చు. మర్యాదగా, కాగితం మీద అడగండి. శాఖా గ్రంథాలయం దూరమైతే మన కాలనీకి పుస్తక నిక్షిప్త కేంద్రం కావాలని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి.

చివరిది, మన పిడికెడు. ఎరుకల సోది చెప్పే అవ్వ దగ్గర, యానాదుల మందు మొక్కలు తెలిసిన తాత దగ్గర, లంబాడీ పాటలు పాడే నాయనమ్మ దగ్గర ఉన్నది ఏ బీరువాలోనూ లేదు. వాళ్లు పోతే అదీ పోతుంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. అడిగి, వాళ్లు సరేనంటే రాసుకోండి. మనల్ని చిట్టాలో రాసిన కాలం ఒకటి నడిచింది. ఇప్పుడు మన సంగతులు మనమే రాసుకునే కాలం.

మొదట చెప్పిన అమ్మాయికి మేమే హామీ సంతకం పెట్టాం, డిపాజిట్ హాస్టల్ సిబ్బందిమి తలా కొంత వేసుకుని కట్టాం. సగంలో ఆపిన ఆ కథల పుస్తకం తెచ్చుకుని పూర్తి చేసింది. గడువులోపు తిరిగి ఇచ్చేసింది కూడా. ఇప్పుడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళుతోంది. వాళ్ల కాగితాల మీద సంతకాలకు చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఈ సంచిక చదువుతున్న పెద్దలు ఎవరైనా ముందుకు వస్తారని ఎదురుచూస్తున్నాం.