బెల్ పట్టణం మినిట్సు పుస్తకం

ప్రత్యేక సంచికకు ఉద్యోగానుభవాలు రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. నేను 33 సంవత్సరాలు మునిసిపాలిటీలలో పనిచేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా కౌన్సిలు సెక్షనులోనే గడిచింది. కనుక నా అనుభవమంటే అజెండాలు, మినిట్సు పుస్తకాలు, నకళ్ళ కోసం వచ్చే అర్జీలు, అంతే. వాటిని గురించి మన సభ్యులకు నేను కొత్తగా చెప్పేదేముంటుంది? అందుకని వేరే దేశంలోని ఒక చిన్న ఊరి మునిసిపాలిటీలో రికార్డుల మీద నడిచిన తగాదాను గురించి రాస్తున్నాను. మా అమ్మాయి కాపురం కాలిఫోర్నియాలో కావడంవల్ల అక్కడికి వెళ్ళినప్పుడు పత్రికల్లోను, కోర్టు వార్తల్లోను చదివి తెలుసుకున్న సంగతులివి. ఇందులో పెన్షను సంగతి కూడా ఉన్నది గనుక దయచేసి చివరిదాకా చదవగలరు.

లాస్ ఏంజిలిస్ మహానగరానికి దగ్గరలో బెల్ అనే పట్టణం ఉన్నది. వైశాల్యం రెండున్నర చదరపు మైళ్ళు. 2010 జనాభా లెక్కల ప్రకారం 35 వేల పైచిలుకు జనం. మన లెక్కలో మూడో గ్రేడు మునిసిపాలిటీ అనుకోవచ్చు. మెక్సికో తదితర దేశాలనుంచి వచ్చి స్థిరపడిన కష్టజీవులే ఎక్కువ. అయిదుగురు సభ్యుల కౌన్సిలు, వారిలో ఒకరు మేయరు. మన కమీషనరు చేసే పని అక్కడ సిటీ మేనేజరు చేస్తాడు. అయితే ఒక పెద్ద తేడా. మన కమీషనరును ప్రభుత్వం పంపుతుంది, ప్రభుత్వమే బదిలీ చేస్తుంది. అక్కడి మేనేజరును కౌన్సిలే నియమిస్తుంది, జీతం కూడా కౌన్సిలే నిర్ణయిస్తుంది. ఇక రికార్డులకు బాధ్యత సిటీ క్లర్కుది. పేరు చూసి గుమాస్తా అనుకోకూడదు. మినిట్సు రాయడం, తీర్మానాలు భద్రపరచడం, ఎవరడిగినా నకళ్ళు ఇవ్వడం ఆ అధికారి బాధ్యత. చట్టం దృష్టిలో రికార్డుల సంరక్షకుడన్నమాట.

చట్టాలకు అక్కడ లోటు లేదు. కౌన్సిలు సమావేశాలు బహిరంగంగా జరగాలని 1953లోనే బ్రౌన్ చట్టం తెచ్చారు. ప్రభుత్వ రికార్డులను పౌరులకు చూపాలని 1968లో ఇంకో చట్టం. అర్జీ పెట్టిన పది రోజుల్లోగా ఇస్తామనో, ఇవ్వమనో జవాబు చెప్పాలి. మనకు సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చింది, గడువు ముప్ఫై రోజులు. అంటే ఈ విషయంలో వారు మనకంటే 37 ఏళ్ళు ముందున్నారు. అయినా బెల్‌లో జరగవలసింది జరిగింది.

రాబర్ట్ రిజో అనే ఆయన 1993లో బెల్ పట్టణానికి మేనేజరుగా వచ్చాడు. అప్పుడు జీతం సాలుకు 72 వేల డాలర్లు. 2010 నాటికి అది 7,87,637 డాలర్లయింది. ఆనాటి మారకం రేటున మూడున్నర కోట్ల రూపాయలు. అమెరికా అధ్యక్షుడి జీతం 4 లక్షల డాలర్లేనని గుర్తుంచుకుంటే ఈ అంకె సంగతి బోధపడుతుంది. సెలవుల డబ్బు, ఇతర సదుపాయాలు కలిపితే 15 లక్షల డాలర్ల దాకా వెళ్ళేది. అసిస్టెంటుకు 3,76,288. పోలీసు చీఫుకు 4,57,000. పూటపని లాంటి కౌన్సిలర్ పదవికి ఒక్కొక్కరికి దాదాపు లక్ష డాలర్లు.

ఇంత డబ్బు ఎలా సాధ్యమైందీ అంటే, 2005లో కౌన్సిలర్ల వేతనాలకు రాష్ట్ర ప్రభుత్వం పరిమితి పెట్టింది. సొంత చార్టరు గల పట్టణాలకు ఆ పరిమితి వర్తించదు. వెంటనే బెల్‌లో చార్టరు కోసం 2005 నవంబరు 29న ప్రత్యేక ఎన్నిక పెట్టారు. మన దేశంలో సమాచార హక్కు చట్టం వచ్చి అప్పటికి ఏడు వారాలు. ఊరు మొత్తం మీద ఓటు వేసినవారు నాలుగు వందల లోపు. చార్టరు నెగ్గింది. జీతాల మాట ఓటర్లలో ఎందరికి తెలిసి ఉంటుందో పాఠకులే ఊహించగలరు.

కౌన్సిలర్లకు నాలుగైదు పేర్లతో బోర్డులు ఉండేవి. చెత్తకొక బోర్డు, మిగులు ఆస్తులకొక బోర్డు, ఇళ్ళకొక బోర్డు. అందరిలోనూ వారే సభ్యులు. ఒక్కో బోర్డుకు ఒక్కో నెలవారీ వేతనం. మేనేజరు జీతం కూడా ఒకే కాంట్రాక్టులో ఉండేది కాదు. వేర్వేరు కాంట్రాక్టులుగా విడగొట్టి, పట్టణానిది కొంత, బోర్డులది కొంత అని రాసేవారు. ఏ ఒక్క కాగితం చూసినా మొత్తం కనపడదు.

మా సెక్షనులో తీర్మానం నకలు అడిగితే పేజీ చించి దాచేవాళ్ళను, ఫైలు దొరకడంలేదనే వాళ్ళను చూశాను. అది మొరటు పద్ధతి. బెల్‌లో కాగితాలను చించినవారు లేరు, తగలబెట్టినవారు లేరు. ఉన్న కాగితాలను కూడికకు లొంగకుండా రాశారు. ఇది ఊహ కాదు. కొత్త పోలీసు చీఫు రాండీ ఆడమ్స్ కాంట్రాక్టు తయారవుతున్నప్పుడు, అసిస్టెంటుగా ఉన్న ఏంజెలా స్పాచియా ఆయనకు పంపిన ఈమెయిల్ తరువాత కోర్టుకెక్కింది. మన కాంట్రాక్టులు ఎవరి దృష్టీ పడకుండా జాగ్రత్తగా రాశాం, జీతం ఇన్ని రోజులకొకసారి అని చెప్పకుండా ‘పే పీరియడ్’కు ఇంత అని మాత్రం పెట్టాం, ఎవరైనా కూర్చుని కూడదామన్నా కుదరకుండా, అని దాని సారాంశం. ముప్ఫై ఏళ్ళు పే బిల్లులు రాసినవారెవరైనా ఈ వాక్యం చదివి ఒక్క క్షణం ఆగుతారు. ఇంకొక ఈమెయిల్‌లో పందుల సామెత ఒకటి రాసుకున్నారు. ఓ మోస్తరు పంది బలుస్తుంది, మరీ బలిసిన పందిని కోస్తారు, మనం రెండోది కాకుండా చూసుకుంటే చాలు, అని. ఇలాంటి సామెతలు వ్రాతమూలకంగా పెట్టకూడదని వారికి తోచలేదు.

అసలు కథ 2008లోది. మేనేజరు జీతం చాలా ఎక్కువని పుకారు విని ఆ ఊరి పౌరుడొకాయన సిటీ క్లర్కు దగ్గరకు వెళ్ళి లెక్క అడిగాడు. కొన్నాళ్ళకు ఒక కాగితం చేతికిచ్చారు. కౌన్సిలర్లకు నెలకు 673 డాలర్లు, మేనేజరుకు 15,478 డాలర్లు అని అందులో ఉన్నది. చక్కగా టైపు చేసిన కాగితం, ఆఫీసునుంచి వచ్చినది. ఆ పౌరుడు నమ్మి వెళ్ళిపోయాడు. నిజానికి అప్పటికే కౌన్సిలర్లకు నెలకు ఏడువేలకు పైగా, మేనేజరుకు ఆ అంకెకు మూడింతలకు పైగా ముడుతున్నది. కాగితం తయారుచేయించింది రిజో. అందించింది సిటీ క్లర్కు.

ఆమె తరువాత కోర్టులో సాక్ష్యం చెప్పింది. తనకు సిటీ క్లర్కు హోదా ఇచ్చారుగానీ ఆ పని మొదట్లో తన చేతిలో లేదని, తాను హాజరుకాని సమావేశాల మినిట్సు మీద కూడా సంతకం పెట్టమంటే పెట్టానని చెప్పింది. ఆమె మీద కేసు పెట్టకుండా సాక్షిగా తీసుకున్నారు. మా ఇంట్లో ఈ విషయం మీద చర్చ వచ్చినప్పుడు మా అల్లుడు, పాపం ఆమె ఏం చేస్తుంది, ఉద్యోగం పోతుంది కదా, అన్నాడు. నిజమే, పైవాడు కన్నెర్రజేస్తే కిందివాడి గతి ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? అయినా నేను ఒప్పుకోలేదు. ‘అసలుకు సరియైన నకలు’ అని రబ్బరు స్టాంపు వేసి, కింద పొట్టి సంతకం చేసే మనిషి ఆ ఊరందరి తరఫునా చేస్తాడు. అది జీతానికి చేసే పనే కావచ్చు, కాని ఆ సంతకం యజమాని సొత్తు కాదు.

సందర్భం వచ్చింది గనుక ఒకటి చెప్తాను. నేను కొత్తగా చేరిన ఊళ్ళో (పేరు వద్దు లెండి) సమావేశం ముగిశాక ఒక పెద్దమనిషి వచ్చి, మినిట్సులో ఆఖరు తీర్మానం కింద నాలుగు లైన్లు ఖాళీ వదలమన్నాడు. రేపు మాట్లాడుకుని రాసుకుందాం అన్నాడు. మా మేనేజరుగారు సరేనండీ అని తల ఊపి, ఆయన మెట్లు దిగకముందే ఆ ఖాళీకి అడ్డంగా ఒక గీత గీసి, రెండు చివర్లా పొట్టి సంతకం పెట్టి, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తరువాత ఆరు నెలలకే ఆయనకు బదిలీ అయింది. ఆ గీత మాత్రం ఆ పుస్తకంలో ఉంటుంది, ఆర్.డిస్. రికార్డు గదా.

బెల్ గుట్టు బయటపడింది పక్క ఊరివల్ల. మేవుడ్ అనే పట్టణం దివాలా స్థితికి వచ్చి, 2010 జూన్‌లో తన ఉద్యోగులందరినీ తొలగించింది. అవును, అందరినీ. పనులన్నీ బెల్ మునిసిపాలిటీకి అప్పగించాలనుకున్నారు. ఆ వార్త రాయబోయిన లాస్ ఏంజిలిస్ టైమ్స్ విలేకరులు జెఫ్ గాట్లీబ్, రూబెన్ వివెస్ బెల్ కౌన్సిలర్ల జీతాల మీద విచారణ జరుగుతోందని విని, రికార్డులు కావాలని అర్జీ పెట్టారు. సాకులు, వాయిదాలు మొదలయ్యాయి. కోర్టుకు వెళ్తామని విలేకరులు గట్టిగా చెప్పాక, ఒక పార్కులోని గదిలో రిజో, మిగతా అధికారులు కూర్చుని కాగితాల కట్ట అందించారు. అడిగితే జీతం ఎంతో నోటితోనే చెప్పాడు. 2010 జూలై 15న వార్త అచ్చయింది.

వారం తిరిగేసరికి ముగ్గురు పెద్ద అధికారులూ రాజీనామా చేశారు. సమావేశ మందిరం పట్టనంత జనం వచ్చి కేకలు వేశారు. ‘బాస్తా’ అనే పేరుతో సంఘం పెట్టుకున్నారు. స్పానిష్ భాషలో ఆ మాటకు ‘ఇక చాలు’ అని అర్థం. సెప్టెంబరు 21న రిజోతో సహా ఎనిమిది మందిని అరెస్టు చేశారు. 2011 మార్చిలో ఓటర్లు పాత కౌన్సిలును ఓటుతోనే దింపేశారు. ఆ ఏడే పత్రికకు పులిట్జరు బహుమతి వచ్చింది.

ఆడిటు లేదా అని మీరడగవచ్చు. ఉన్నది. ప్రతి ఏటా ఒక ప్రైవేటు సంస్థ ఆడిటు చేసి సంతకం పెట్టింది. ఆ సంస్థ కళ్ళు మూసుకుని ముద్ర వేసిందని రాష్ట్ర కంట్రోలరు తరువాత దుయ్యబట్టాడు. మన లోకల్ ఫండ్ ఆడిటు పార్టీ వస్తున్నదంటే పదిహేను రోజుల ముందునుంచి వోచర్లు వెదుక్కునేవాళ్ళం. పది రూపాయల బస్సు చార్జీకి కూడా అభ్యంతరం రాసేవారని ఎన్నిసార్లు విసుక్కున్నామో!

కోర్టులో విచిత్రమేమిటంటే, కౌన్సిలర్లను పట్టించింది మినిట్సే. ఆ బోర్డులు ఏడాదికి ఎన్నిసార్లు కూర్చున్నాయి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయి అన్నది మినిట్సులో రాసి ఉన్నది. కొన్ని సమావేశాలు నిమిషం రెండు నిమిషాల్లో అయిపోయాయి. మేము సమావేశాల్లోనే కాదు, ఊళ్ళో రాత్రింబగళ్ళు తిరిగి పనిచేశామని కౌన్సిలర్లు వాదించారు. మేయరుగారికి పెద్దగా చదువు లేదని ఆయన లాయరే జ్యూరీకి చెప్పాడు. 2013 మార్చిలో ఆరుగురిలో ఒకరిని పూర్తిగా వదిలేసి, అయిదుగురిని కొన్ని నేరాలకు దోషులన్నారు. ఇంకొక కౌన్సిలరు, లొరెంజో వెలెజ్, అసలు కేసులోనే లేడు. ఆయనకు ఏడాదికి 8 వేల డాలర్ల చిల్లర మాత్రమే ఇస్తూ వచ్చారు. పక్కవారికి లక్ష వస్తున్న సంగతి ఆయనకు పత్రిక చూసేదాకా తెలియదట.

రిజో తన మీద మోపిన 69 నేరాలనూ ఎదుర్కోకుండా 2013 అక్టోబరులో శిక్షకు ఒప్పుకున్నాడు. వాటిలో పబ్లిక్ రికార్డులను తారుమారు చేయడం కూడా ఉన్నది. 2014 ఏప్రిల్‌లో 12 సంవత్సరాల జైలు శిక్ష పడింది. స్పాచియాకు 11 సంవత్సరాల 8 నెలలు. కాలిఫోర్నియాలో ప్రతి పట్టణమూ తన ఉద్యోగుల జీతాలను రాష్ట్ర కంట్రోలరుకు పంపాలని, వాటిని అందరూ చూసేలా ఉంచాలని 2010లోనే ఏర్పాటు చేశారు.

ఇక పెన్షను సంగతి. రిజో ఆ జీతం మీద రిటైరైతే ఏడాదికి ఆరు లక్షల డాలర్లకు పైగా పెన్షను వచ్చేదని పత్రికలు లెక్కగట్టాయి. అక్కడి ఉద్యోగుల పెన్షను సంస్థ దానిని సుమారు యాభై వేలకు తగ్గించింది. పోలీసు చీఫు ఆడమ్స్ మాత్రం ఊరుకోలేదు. బెల్‌లో ఒక్క ఏడాదే చేసినా ఆ జీతం మీదనే పెన్షను కట్టాలని అప్పీలు చేశాడు. కడితే ఆయన పెన్షను దాదాపు రెట్టింపయ్యేది. విచారణలో ఆయనను అడిగిన ప్రశ్నలకు జవాబివ్వకుండా, మౌనంగా ఉండే హక్కును ఇరవైసార్లు వాడుకున్నాడని వార్తల్లో వచ్చింది. 2012లో అప్పీలు కొట్టివేశారు. ఆ కాంట్రాక్టును కౌన్సిలు బహిరంగ సమావేశంలో ఎన్నడూ ఆమోదించలేదని, పైగా జీతం బయటపడకుండా దాచే ప్రయత్నం చేశారని, కనుక అది పెన్షనుకు లెక్కలోకి రాదని తేల్చారు. పాత ఉద్యోగాల మీద రావలసిన పెన్షను మాత్రం ఆయనకు యథాప్రకారం ఇచ్చారు.