చాకలి పద్దులో దొరికిన డిటెక్టివ్

విల్కీ కాలిన్స్ 1868లో రాసిన 'ది మూన్‌స్టోన్' ఇంకా చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, ముడి విప్పేస్తున్నాను.

1799లో శ్రీరంగపట్నంలో దోచుకున్న వజ్రం ఇంగ్లండులో ఓ పెద్దింట్లో మాయమవుతుంది. తలుపు మీది తడిరంగు చెదిరింది కాబట్టి, మరక అంటిన బట్ట ఎవరిదో తేలితే చాలు. సార్జెంట్ కఫ్ చాకలి పద్దు అడుగుతాడు.

ఇది ఉత్త కల్పన కాదండీ. 1860లో రోడ్ అనే పల్లెలో సావిల్ కెంట్ అనే మూడేళ్ళ పిల్లాడిని చంపేశారు. స్కాట్లండ్ యార్డ్ నుంచి వచ్చిన జొనాథన్ విచర్ పట్టుకున్న ఆధారం ఒక్కటే.. లెక్కలో తగ్గిన నైట్‌గౌను. అది పిల్లాడి సవతి అక్క, 16 ఏళ్ళ కాన్‌స్టన్స్‌ది. ఆమెని అరెస్టు చేశాడు. పరువుగల ఇంటి ఆడపిల్లని ఒక మామూలు పోలీసు అనుమానించడమా అని జనం, పత్రికలు దుమ్మెత్తిపోశారు. ఆమెని వదిలేశారు. 1864లో విచర్ ఉద్యోగం నుంచి తప్పుకున్నాడు. 1865లో ఆ అమ్మాయే వచ్చి నేరం ఒప్పుకుంది!

నవలలో కఫ్ కూడా ఇంటి అమ్మాయి రేచెల్‌నే అనుమానిస్తాడు. కానీ అది తప్పు. మరక నైట్‌గౌను ఫ్రాంక్లిన్ బ్లేక్‌ది, నల్లమందు మత్తులో వజ్రం తీసింది అతనే. దాన్ని కాజేసింది గాడ్‌ఫ్రే. ఈ రెండో పేరు మాత్రం కఫ్ ముందే కవర్లో రాసిచ్చి పరువు దక్కించుకుంటాడు.

పొరబడ్డ కఫ్‌కి గులాబీ తోటలో హాయిగా రిటైర్మెంటు, కరెక్టుగా చెప్పిన విచర్‌కి తిట్లు. రిలీజుకి ముందే బగ్ చూపించినవాడి గతి మనకి తెలియందా?